మిమోసా77

సంతలో రెండు యూరోలకి కొన్నాను దాన్ని,
పాత స్కేటింగ్ బూట్ల కింద, చెవి విరిగిన కాఫీ కప్పు పక్కన.
తెల్ల డబ్బా. ఒక యాంటెన్నా లేదు.
ఔలులో నవంబరు. మూడింటికే చీకటి.
రేడియో ల్యాబ్ నన్ను ఇంటికి పంపించాక
చేతులకి ఏదో పని కావాలి, అంతే.

నాలుగు మరలు విప్పాను.
చిప్ కాళ్ళకి సన్నటి క్లిప్పులు తగిలించి
లోపలి మాటంతా తోడుకున్నాను, చేదకి చేద.
చాలావరకు పిప్పి.
ఆ పిప్పిలో ఒకచోట
అన్నంలో రాయిలా పంటికి తగిలింది:
మిమోసా77.

ఎవరింట్లోనైనా, ఎంత పెద్ద తాళం వేసుకున్నా,
ఈ ఒక్క మాటకి దొడ్డితలుపు తెరుచుకుంటుంది.
పై వరుసలో ఎవరో రాసుకున్న ముక్క:
"పరీక్షలయ్యాక తీసెయ్యాలి."

ఎవరు నువ్వు?
ఏ ఊళ్ళో, ఎన్నో అంతస్తులో, రాత్రి ఎన్నింటికి
ఇది టైపు చేసి, ఆవులించి,
రేపు చూద్దాంలే అనుకున్నావు?
మిమోసా నీ కుక్కా? కూతురా?
మీ వీధి మలుపులో పసుప్పచ్చగా పూసే చెట్టా?
తాళం వేశావు, గొళ్ళెం మరిచావు.
నేనూ మరిచాను ఒకసారి, ఇరవై ఏళ్ళ కిందట, ఒక టవర్ లోపల.
ఎవరూ విప్పి చూడలేదు.
నీకూ నాకూ అదొక్కటే తేడా.

కంపెనీకి రాశాను, మర్యాదగా.
ఏ మోడలు, ఏ వెర్షను, ఎలా దొరికింది, ఎలా మూయాలి.
తొంభై రోజులు ఆగుతాను, ఆ తర్వాత అందరికీ చెబుతాను.
నాలుగు నిమిషాల్లో జవాబు:
"ప్రియమైన మెర్వి, మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం.
రౌటర్ ఆపి, ముప్పై సెకన్లాగి, మళ్ళీ వెయ్యండి."

పన్నెండో రోజు కొన్న రసీదు పంపమన్నారు.
నది గడ్డకట్టింది.
నలభై ఒకటో రోజు లాయరు రాశాడు.
ఒక్క పేజీలో "చొరబాటు" అని మూడుసార్లు.
నా బల్ల మీద, నా రెండు యూరోల డబ్బాలోకి
నేను చొరబడ్డానట.

ఆ రాత్రి చెత్త పారేయడానికి మంచులోకి దిగి
తలెత్తి చూస్తే
మూడో అంతస్తు కిటికీలో అదే తెల్ల డబ్బా,
అదే ఆకుపచ్చ మిణుకు.

హిల్కా వైనియో, ఎనభై ఒకటి.
ఏడేళ్ళుగా మెట్ల మీద తలలూపుకోవడమే మా పరిచయం.
ఇక్కడ చెప్పకుండా ఎవరూ తలుపు తట్టరు.
తట్టాను.
గొలుసు తియ్యకుండానే "ఏమీ కొనను" అంది.
"అమ్మడానికి రాలేదు. మీ దొడ్డితలుపు తెరిచి ఉంది."
ఆమె నిజంగానే వెనక్కి తిరిగి చూసింది.

కాఫీ పెట్టింది.
నేను సెట్టింగులు ఒక్కొక్కటే ఆపుతుంటే
"నా దగ్గర దొంగలకి ఏముంది, మందుల చీటీలు తప్ప" అంది.
"మీ ఇల్లు దోచడానికి కాదు,
మీ ఇంట్లో నక్కి ఇంకొకరింటి మీద రాళ్ళు వెయ్యడానికి."
కప్పు ఠక్కున దించింది.
"అయితే మూసెయ్. నా కిటికీలోంచి రాయి వెళ్ళకూడదు."

ఎనభై ఎనిమిదో రోజు కొత్త ఫర్మ్‌వేర్ వచ్చింది.
గమనికలో ఒకటే వాక్యం: "స్థిరత్వం మెరుగుపరచబడింది."
నా పేరు లేదు. పోనీ.
మళ్ళీ చేద వేశాను. తోడాను.
అదే పిప్పి, అదే చోటు:
మిమోసా78.

నవ్వొచ్చింది, వంటింట్లో ఒక్కదాన్నే.
అయితే ఇంకా అక్కడే ఉన్నావన్నమాట.
ఉద్యోగం పోలేదన్నమాట.
నీ కుర్చీ వెనక ఎవరో నిలబడి
"ఇవాళే, ఇవాళే" అన్నారన్నమాట.

ఇప్పుడు అయిదింటి దాకా వెలుతురుంటోంది.
కొత్త ఉత్తరం మొదలుపెట్టాను:
"మళ్ళీ నేనే, మెర్విని. ఇది ఒకటో రోజు."
కింద, కంపెనీకి కాదు, నీకు, ఒక వాక్యం:
మిమోసా ఎవరైనా సరే,
ఈసారి తనని ఇంటికి తీసుకుపో.

పంపేసి బూట్లు వేసుకున్నాను.
ఎదుటి బ్లాకులో ఇంకో రెండు
ఆకుపచ్చగా మిణుకుమంటున్నాయి.